ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం దొంగ ఉత్తరమేనా?

మొన్న వేసవిలో ఒకావిడ ఫోన్ చేశారు. నాతో ఆఫీసులో ఏళ్ల తరబడి పక్క సీట్లో పనిచేసిన మిత్రుడి భార్య. మిత్రుడు రిటైరైన మూడేళ్లకే, అరవైమూడో ఏట పోయాడు. "అన్నయ్యగారూ, మిమ్మల్ని ఇబ్బంది పెట్టినట్టున్నాను. వీలుకాకపోతే ఫరవాలేదండీ, ఇంకెవరినైనా అడుగుతాను" అన్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

ఆవిడ అడిగింది ఫ్యామిలీ పెన్షన్ లెక్క. రిటైరయ్యాక చనిపోయిన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి కుటుంబానికి మొదటి ఏడేళ్లు, లేదా ఆ ఉద్యోగి బతికుంటే 67 ఏళ్లు నిండే తేదీ దాకా, రెండింటిలో ఏది ముందయితే అంతవరకు, ఆఖరి జీతంలో 50 శాతం లెక్కన పెన్షన్ రావాలి. 30 శాతం మొదలయ్యేది ఆ తర్వాతే. ఈవిడకి మొదటి నెల నుంచే 30 శాతం జమ అవుతోంది. నేను బకాయి నెలవారీగా లెక్కకట్టి, అర్జీ కూడా రాసిపెట్టి మూడు వారాల కిందటే ఈమెయిల్ చేశాను.

"పంపానమ్మా, ఫలానా తేదీన" అన్నాను. "నాకేమీ రాలేదండీ" అన్నారు. ఆవిడ అబద్ధమాడే మనిషి కాదు. నేనూ కాదు. మా సర్వర్ చిట్టా తీసి చూశాను. ఆ తేదీన, ఆ గంటకి, అవతలి కంపెనీ సర్వర్ నా ఉత్తరం తీసుకుని "250 ఓకే" అని జవాబిచ్చింది. అంటే ముట్టిందని రసీదు. రసీదు నా దగ్గరుంది, ఉత్తరం ఆవిడ దగ్గర లేదు. చివరికి వాళ్ల అమ్మాయి చేత వెతికిస్తే స్పామ్ ఫోల్డర్లో దొరికింది. లాటరీ తగిలిందనే ఉత్తరానికీ, మోకాళ్ల నొప్పుల నూనె ప్రకటనకీ మధ్యన.

మూడు వారాలు ఆవిడ నేను మొహం చాటేశాననుకున్నారు. పోయిన మిత్రుడి భార్య అలా అనుకుందంటే డబ్బుల సంగతి తర్వాత, మనిషికి ఎలా ఉంటుందో ఆలోచించండి. ఇందులో తప్పెవరిదని వెతుకుతూ పోయాను. తేలినది హేతువాదులకి పనికొచ్చే విషయమనిపించి ఇది రాస్తున్నాను.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను అందరిలాగా పెద్ద కంపెనీ ఇచ్చే ఉచిత ఈమెయిల్ వాడటం లేదు. మా ఇంట్లో, టీవీ బల్ల మీద, అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్ ఒకటుంది. అదే మా మెయిల్ సర్వర్. దాని మీద నడిచే పోస్ట్‌ఫిక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ఐబీఎంలో పనిచేస్తుండగా వీట్సా వెనెమా అనే ఆయన రాసి 1998లో విడుదల చేశాడు. డొమైన్ పేరు నా సొంతం, ఏడాదికోసారి రుసుము కడతాను. నేను రాసిన ఉత్తరం మా ఇంటి నుంచి నేరుగా అవతలివాళ్ల సర్వర్ తలుపు తడుతుంది. మధ్యలో ఇంకెవరూ లేరు.

ఇదేదో దొడ్డిదారి అనుకోకండి. అసలు దారి ఇదే. ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి నెట్‌వర్క్ మీద ఉత్తరం పంపడం, ఆ '@' గుర్తు పెట్టడం 1971లో రే టామ్లిన్సన్ చేశాడు. ఉత్తరాలు ఎలా ఇచ్చిపుచ్చుకోవాలో చెప్పే ఎస్ఎమ్‌టీపీ నిబంధనలని 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ రాశాడు. కొన్ని మార్పులతో ఈనాటికీ అవే అమల్లో ఉన్నాయి. వాటిలో పెద్ద సర్వర్, చిన్న సర్వర్ అన్న తేడా ఎక్కడా లేదు. ఏ యంత్రమైనా ఏ యంత్రంతోనైనా మాట్లాడొచ్చు. మన దేశంలో 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చిననాడు కూడా ఇదే పద్ధతి.

ఆ నిబంధనల్లో నాకు బాగా నచ్చినవి రెండున్నాయి. ఒకటి ఓపిక. మా ఇంట్లో కరెంటు పోయి, ఇన్వర్టర్ కూడా చేతులెత్తేసిందనుకోండి, నాకు రావలసిన ఉత్తరం పోదు. పంపేవాళ్ల సర్వర్ మళ్లీమళ్లీ వచ్చి తలుపు తడుతుంది. కనీసం నాలుగైదు రోజుల దాకా ఆశ వదులుకోకూడదని నిబంధన. రెండోది బాధ్యత. ఉత్తరం తీసుకుని 250 అని జవాబిచ్చిన సర్వర్ ఆ క్షణం నుంచి దానికి పూచీ పడుతుంది. చేర్చాలి, చేర్చలేకపోతే ఆ సంగతి పంపినవాడికి చెప్పాలి. చిల్లర కారణాలకి పోగొట్టకూడదు. మన తపాలాశాఖలో రిజిస్టర్డ్ పోస్టుకి అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు వచ్చేది గుర్తుందా? 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, అది వేరే కథ. ఆ కార్డు మీద సంతకం ఎంత బరువైనదో ఈ 250 కూడా అంత బరువైనదే కావాలి.

ఇక రెండోవైపు చూద్దాం. ఎస్ఎమ్‌టీపీ రాసినవాళ్లు మంచివాళ్లు, ఒకరినొకరు ఎరిగినవాళ్లు. అందుకని ఉత్తరం మీద 'ఫ్రమ్' అన్నచోట ఎవడు ఏ పేరైనా రాసుకోవచ్చన్నట్టు వదిలేశారు. ఇన్‌లాండ్ లెటర్ వెనక పంపినవారి చిరునామా రాసినట్టే. నేను కావాలంటే మహాత్మాగాంధీ, సబర్మతి అని రాసి డబ్బాలో వెయ్యొచ్చు. మా చిన్నప్పుడు పోస్టుకార్డులు వచ్చేవి. ఈ కార్డు ఇన్ని మందికి నకలు రాసి పంపితే లాభం, చింపి పారేస్తే రక్తం కక్కుకుంటావని. పంపినవాడి పేరుండదు. మా నాన్న కార్డు తిరగేసి తపాలా ముద్ర చూసి, ఏ ఊళ్లో వేశారో చెప్పేవాడు. పేరు నమ్మక ముద్ర చూడటం నేను నేర్చుకున్న మొదటి హేతువాద పాఠం అదే.

ఈమెయిల్‌కి అలాంటి ముద్రలు తర్వాత్తర్వాత వచ్చాయి. మూడున్నాయి. బ్యాంకు పద్ధతిలో చెబితే తేలిగ్గా అర్థమవుతాయి. ఎస్పీఎఫ్ అంటే, నా డొమైన్ పేరు మీద ఉత్తరాలు పంపే అధికారం ఫలానా ఐపీ అడ్రసులకే ఉందని నేను అందరికీ కనబడేట్టు వేసిన ప్రకటన. చెక్కు మీద సంతకం పెట్టే అధికారం ఎవరెవరికుందో బ్యాంకుకిచ్చిన జాబితా లాంటిది. డీకిమ్ అంటే ప్రతి ఉత్తరం మీదా గణితంతో వేసే సీలు. సీలు వేసే తాళం మా ఇంట్లోనే ఉంటుంది. సరిచూసుకునే తాళం బహిరంగంగా ఉంటుంది. దారిలో ఒక్క అక్షరం మారినా సీలు సరిపోదు. మూడోది డీమార్క్. ఈ రెంటిలో ఏదీ 'ఫ్రమ్'లో రాసిన డొమైన్‌తో సరిపోకపోతే ఆ ఉత్తరాన్ని ఏం చెయ్యాలో నేనిచ్చే సూచన. ఎస్పీఎఫ్ 2006లో, డీకిమ్ 2007లో, డీమార్క్ 2015లో పత్రాలుగా వెలువడ్డాయి.

2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఇలాంటి ముద్రలని తప్పనిసరి చేశాయి. రోజుకి అయిదువేలకి పైగా ఉత్తరాలు పంపేవాళ్లకి మూడూ ఉండాలి. నాబోటి చిన్నవాళ్లకి ఎస్పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటైనా ఉండాలి, ఐపీ అడ్రసుకి పేరు కూడా సరిపోవాలి. ఈ నిబంధనలని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. రుజువు చూపించు, తర్వాత లోపలికి రా అనడం మన సిద్ధాంతమే కదా. నేను పంపేది రోజుకి పదో పదిహేనో. అయినా అయిదువేలవాళ్లకి పెట్టిన మూడు షరతులూ పూర్తి చేశాను. దీనికోసం ఇంటర్నెట్ కంపెనీ చుట్టూ చాలా తిరిగాను. మన దగ్గర చాలా ఇళ్లకి సొంత ఐపీ అడ్రసు ఉండదు. అపార్ట్‌మెంటు అంతటికీ ఒకటే గేటు నంబరు ఇచ్చినట్టు, ఎన్నో ఇళ్లకి కలిపి ఒకటే ఇస్తారు. నేను నెలనెలా అదనంగా కట్టి స్టాటిక్ ఐపీ తీసుకున్నాను. దాని వెనక నా డొమైన్ పేరు కనబడేలా రివర్స్ డీఎన్ఎస్ పెట్టమని, ఉత్తరాలు పోయే 25వ నంబరు పోర్టు తెరవమని అర్జీల మీద అర్జీలు పెట్టాను. అవతల ఫోనెత్తే కుర్రాడికి రివర్స్ డీఎన్ఎస్ అంటే ఏమిటో నేనే చెప్పాల్సి వచ్చింది. మొత్తానికి పని జరిగింది.

ఇంత చేశాక ఆవిడకి ఉత్తరం ఎందుకు కనబడలేదు? అనుమానం వచ్చినప్పుడు పరీక్ష పెట్టడం తప్ప మనకి వేరే దారి లేదు. మూడు పెద్ద కంపెనీల్లో నాకు ఖాతాలున్నాయి. ఒకే రకం ఉత్తరం, మామూలు తెలుగులో నాలుగు వాక్యాలు, అయిదు రోజులపాటు రోజూ రెండేసి చొప్పున మూడింటికీ పంపాను. ఒకటి మా ఇంటి నుంచి నేరుగా. రెండోది డబ్బు తీసుకుని మన తరఫున ఉత్తరాలు చేరవేసే రిలే సర్వర్ ద్వారా. విషయం అదే, డొమైన్ అదే, సీలు అదే. తేడా ఒక్కటే, అవతలి తలుపు తట్టిన ఐపీ అడ్రసు.

మొదటి కంపెనీలో ఇంటి నుంచి పోయిన అయిదూ స్పామ్‌లో పడ్డాయి, రిలే నుంచి పోయిన అయిదూ ఇన్‌బాక్స్‌లో ఉన్నాయి. రెండో కంపెనీ ఇంటి ఉత్తరాలని గుమ్మంలోనే తిప్పికొట్టింది. రిలేవి తీసుకుంది. మూడోది రెండు రకాలూ ఇన్‌బాక్స్‌లో వేసింది. ముప్పై ఉత్తరాలతో ప్రపంచ సత్యాలు తేలవని నాకు తెలుసు. కాని ఒక్కటి మాత్రం తేలింది. మొదటి కంపెనీ నా ఉత్తరాన్ని చదివి కాదు పక్కన పెట్టింది, నా సీలు సరిపోక కాదు. అది ఏ పేట నుంచి వచ్చిందో చూసి పక్కన పెట్టింది. మిత్రుడి భార్య ఖాతా ఉన్నది ఆ కంపెనీలోనే.

ఇక్కడ ఆగి వాళ్ల వాదన కూడా వినాలి. అవతలివాడి వాదనని బలహీనంగా చెప్పి కొట్టేయడం పురాణ ప్రవచనకారుల పని, మన పని కాదు.

ఇళ్ల నుంచి వచ్చే ఉత్తరాల మీద అనుమానం ఊరికే పుట్టలేదు. 2003లో సోబిగ్ అనే పురుగు లక్షల ఇళ్ల కంప్యూటర్లలో దూరి, యజమానికి తెలియకుండా వాటిని స్పామ్ పంపే యంత్రాలుగా మార్చింది. తర్వాత స్టార్మ్, రస్టాక్, కట్‌వెయిల్ అని అలాంటి ముఠాలు ఎన్నో వచ్చాయి. 2008 నవంబర్‌లో అమెరికాలో మెకోలో అనే ఒక్క కంపెనీకి నెట్ కనెక్షన్ కోసేస్తే ప్రపంచంలో స్పామ్ ఒక్కరోజులో సగానికి పైగా పడిపోయింది. ఆ ముఠాలని ఆడించే యంత్రాలు అక్కడ ఉండేవి. 2009, 2010 ప్రాంతాల్లో తిరిగే ఈమెయిల్‌లో పదింట దాదాపు తొమ్మిది చెత్తేనని భద్రతా సంస్థలు లెక్కగట్టాయి. మనమూ తక్కువ తినలేదు. 2012 మొదట్లో స్పామ్ వచ్చే దేశాల జాబితాల్లో ఇండియా పేరు పైనే ఉండేది. అందుకే ఇంటర్నెట్ కంపెనీలు ఇళ్లకి 25వ పోర్టు మూశాయి. అందుకే స్పామ్‌హౌస్ సంస్థ పీబీఎల్ అనే జాబితా నడుపుతోంది. నేరుగా ఉత్తరాలు పంపాల్సిన అవసరం లేని అడ్రసులు, అంటే ముఖ్యంగా ఇళ్ల కనెక్షన్లు, అందులో ఉంటాయి.

కాబట్టి ఇంటి అడ్రసు నుంచి ఉత్తరం వస్తే మొదట అనుమానించడం తప్పు కాదు. హేతువాదులు తరచు తలుచుకునే పాదిరీ ఒకాయన ఉన్నాడు, థామస్ బేస్. ఆయన పోయాక 1763లో అచ్చయిన సూత్రం చెప్పేది ఇదే. ఏ విషయంలోనైనా పాత అనుభవాన్ని బట్టి ముందు ఒక అంచనాతో మొదలుపెట్టు, రుజువులు వస్తున్నకొద్దీ అంచనా మార్చుకో. 2002లో పాల్ గ్రాహమ్ ఈ లెక్కతోనే స్పామ్‌ని ఏరిపారేయొచ్చని వ్యాసం రాశాక ఆ పద్ధతి బాగా ప్రచారంలోకి వచ్చింది.

నా పేచీ ఆ వాక్యంలో రెండో సగంతో. అంచనా మార్చుకోవడం ఎక్కడ? నా విషయంలో ఉన్న రుజువులు చూడండి. సీలు సరిపోయింది. ఐపీ అడ్రసు ఏళ్లుగా మారలేదు. దాని నుంచి ఒక్క స్పామ్ పోలేదు. అన్నిటికన్నా పెద్దది, ఆవిడే నాకు ముందు రాశారు. నేను పంపింది జవాబు. ఏ ఉత్తరానికి జవాబో కూడా ఉత్తరం తల మీద రాసి ఉంటుంది. ఆవిడ ఖాతా నుంచి నాకు ఉత్తరం పోయిందని ఆ కంపెనీకి తెలుసు, పంపింది ఆ కంపెనీయే. ఒక మనిషి తానే అడిగి తెప్పించుకున్న ఉత్తరాన్ని ఆ మనిషికి తెలియకుండా చెత్తలో వెయ్యడానికి ఏ బేస్ సూత్రం ఒప్పుకుంటుంది?

వాళ్ల ఫారం నింపి అడిగాను. మా పరిశీలనలో మీ సర్వర్ సడలింపుకి అర్హం కాదు అని జవాబు. ఎందుకు కాదు? కారణం చెప్పలేం. మళ్లీ రాశాను. అదే జవాబు, అవే మాటలు. మీ పేరు మీద మంచి చరిత్ర లేదు కనుక నమ్మలేం అనుకుంటున్నారేమో. చరిత్ర ఏర్పడాలంటే ఉత్తరాలు చేరాలి కదా. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు.

రెండో కంపెనీ సంగతి వేరు. అది తలుపు దగ్గరే 'వద్దు' అంది, ఫలానా జాబితాలో నీ అడ్రసు ఉంది అని ఒక వాక్యంలో కారణం చెప్పింది. ఆ జాబితావాళ్ల పేజీలో స్పష్టంగా రాసుంది. ఇందులో ఉన్నంత మాత్రాన మీరు స్పామర్ అని కాదు, స్టాటిక్ ఐపీ మీద సొంత సర్వర్ నడుపుతుంటే తీసెయ్యమని అడగండి అని. అడిగాను. మర్నాటికి తీసేశారు. ఇప్పుడు ఆ కంపెనీకి ఉత్తరాలు పోతున్నాయి. ఇద్దరూ నన్ను అనుమానించినవాళ్లే. ఒకరి అనుమానానికి సమాధానం చెప్పే వీలుంది, ఇంకొకరి దానికి లేదు.

మన సంఘం మిత్రులు చేతబడి అనుమానాల ఊళ్లకి వెళ్లినప్పుడు చూసే ఉంటారు. అనుమానం వచ్చిన మనిషి ఏం చేసినా అది రుజువే. ఇంట్లో కూర్చుంటే దాక్కున్నాడంటారు, బయటికొస్తే ఎవరికో చెయ్యడానికి వచ్చాడంటారు. నేను చెయ్యలేదని నిరూపించే మార్గం ఒక్కటీ ఉండదు. ఆ మనుషులు పడే బాధతో నా ఈమెయిల్ బాధని పోల్చడం లేదు, అంత బుద్ధిహీనుణ్ని కాను. తర్కంలో లోపం మాత్రం ఒకటే. ఏ రుజువుతోనూ మారని అనుమానం సంశయవాదం కాదు. అది నమ్మకం. తిరగేసిన మూఢనమ్మకం. పుట్టిన వాడని బట్టి మనిషిని తూచే దేశంలో పెరిగినవాళ్లకి ఇంతకన్నా వివరించక్కర్లేదు.

పోనీ పెద్ద పేట నుంచి వచ్చేవన్నీ శుద్ధమా? పెన్షనర్లకి లైఫ్ సర్టిఫికెట్ గడువైపోయింది, ఈ లింకు నొక్కండి అంటూ వచ్చే దొంగ ఉత్తరాలు నేను దాచిపెట్టుకున్నాను. చాలావరకు పెద్ద కంపెనీల ఉచిత ఖాతాల నుంచి వచ్చినవే. ముద్రలన్నీ సరిగ్గా ఉన్నాయి, దర్జాగా ఇన్‌బాక్స్‌లో కూర్చున్నాయి. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు. సీలు చెప్పేది ఎవరు పంపారన్నదే. పంపినవాడు మంచివాడని గాని, రాసింది నిజమని గాని చెప్పదు. పెద్ద పేట కూడా చెప్పదు.

నేను రక్షణ లెక్కల శాఖలో ముప్పై ఏళ్లకి పైగా బిల్లులు తనిఖీ చేశాను. అనుమానించడం మా వృత్తి. కాని దానికో పద్ధతుంది. బిల్లు ఆపితే ఏ నిబంధన కింద ఆపామో, ఎంత మొత్తమో, ఏ వోచరు లేదో కాగితం మీద రాసి సంతకం పెట్టి వెనక్కి పంపాలి. యూనిట్‌వాళ్లు జవాబు రాస్తారు. జవాబు సరిపోతే అభ్యంతరం కొట్టెయ్యాలి. బిల్లు తీసుకుని రసీదిచ్చి, బీరువాలో పడేసి, అడిగితే కారణం చెప్పను అన్న ఆడిటర్ని నేను చూడలేదు. ఉంటే ఆయన మీదే విచారణ జరిగేది.

కారణం చెబితే దొంగలు తెలివి మీరతారని ఒక వాదన ఉంది. అందులో కొంత నిజముంది. మేమూ ఎన్ని వోచర్లకి ఒకటి తీసి చూస్తామో బయటికి చెప్పేవాళ్లం కాదు. ఆపిన బిల్లు ఎందుకు ఆపామో మాత్రం చెప్పి తీరేవాళ్లం. ఈ రెంటికీ తేడా ఉంది. జల్లెడ లెక్కలన్నీ బయటపెట్టమని నేను అడగడం లేదు. అడిగేది మూడే. ఉత్తరం అక్కర్లేకపోతే గుమ్మంలోనే తిప్పి పంపండి, రసీదిచ్చి దాచెయ్యకండి. అడ్రసు వల్లా, సీలు వల్లా, రాతల వల్లా అన్నదొక్కటి చెప్పండి. ఖాతాదారు తానే రాసి అడిగిన మనిషి జవాబుని, సీలు సరిపోయినప్పుడు, ఆ ఖాతాదారు కళ్లపడే చోట వెయ్యండి.

మిత్రులు నవ్వుతారు. ఈ వయసులో ఈ యాతన దేనికి, అందరితోపాటు ఉచిత ఖాతా తీసుకోరాదా అని. మా తమ్ముడైతే స్వదేశీ కంపెనీకి మారమంటాడు. 2025 అక్టోబర్‌లో కేంద్ర హోంమంత్రి తన ఈమెయిల్ జోహోకి మార్చానని ప్రకటించిన దగ్గర్నుంచి మరీను. మంచిదే, మన కంపెనీలు ఎదగాలి. కాని నా ప్రశ్న పూజారి ఏ ఊరివాడన్నది కాదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని సామెత. ఎస్ఎమ్‌టీపీ ఎవరికైనా వరం ఇచ్చింది, పూజారుల దయ ఉంటేనే అది దక్కే పరిస్థితి వచ్చింది. పూజారి మారితే పూజారితనం పోదు.

ఇంకో మాట. దొంగబాబాల మీద, చేతబడి పుకార్ల మీద మనకి ఉత్తరాలు రాసేవాళ్లు భయపడుతూ రాస్తారు. 2013లో దభోల్కర్‌ని, 2015లో పన్సారేని, కల్బుర్గిని, 2017లో గౌరీ లంకేశ్‌ని చంపిన దేశంలో ఆ భయం ఉత్తిదని ఎవరూ అనలేరు. అలాంటి ఉత్తరాలు మా ఇంట్లో, నా తాళం కింద ఉండాలని నా కోరిక. ఇందులోనూ గొప్పలు పోను. నేను రాసే ఉత్తరాల్లో ఎక్కువ భాగం పెద్ద కంపెనీల ఖాతాలకే పోతాయి. అవతలి నకలు వాళ్ల దగ్గరే ఉంటుంది. ఇంటి సర్వర్ సర్వరోగ నివారిణి అని చెబితే నేనూ తాయెత్తులు అమ్మేవాణ్నే అవుతాను.

ప్రస్తుతం నేను చేసుకున్న ఏర్పాటు ఇది. మొదటి కంపెనీకి పోయే ఉత్తరాలు మాత్రం రిలే ద్వారా పంపుతున్నాను. మిగతావన్నీ ఇంటి నుంచే. ఓడిపోయినట్టే అన్నాడు మా తమ్ముడు. కొంత ఓడినట్టే. మిత్రుడి భార్యకి లెక్క కాగితాలు అచ్చుతీసి స్పీడ్ పోస్టులో పంపాను, అర్జీ పడింది. బకాయి ఇంకా రాలేదు, ఫైలు కదులుతోంది. ముఖ్యమైన ఉత్తరం ఎవరికి పంపినా ఇప్పుడు ఫోన్ చేసి చూసుకున్నారా అని అడుగుతున్నాను.

మీరంతా ఇళ్లలో సర్వర్లు పెట్టుకోమని చెప్పను. రెండు పనులు చెయ్యండి. వీలైతే సొంత డొమైన్ పేరు తీసుకోండి. అప్పుడు ఉత్తరాలు ఏ కంపెనీ మోసినా చిరునామా మీదే అవుతుంది, కంపెనీ నచ్చకపోతే ఎవరికీ చెప్పకుండా మారొచ్చు. రెండోది, వారానికోసారి స్పామ్ ఫోల్డర్ తెరిచి చూడండి. చాలా కంపెనీలు నెల్లాళ్లకి దాన్ని ఊడ్చేస్తాయి. తెలిసినవాళ్లది కనబడితే 'స్పామ్ కాదు' అని నొక్కండి.

మొన్న మీటింగులో ఈ మాట చెబితే మా కార్యదర్శి అక్కడికక్కడే సంఘం ఖాతా తెరిచి చూశారు. సభ్యుల ఉత్తరాలు రెండు దొరికాయి. మూడోది ఒక పల్లె నుంచి. తన తల్లి మంత్రాలు చేస్తోందని ఊళ్లో అంటున్నారనీ, ఎవరైనా వచ్చి మాట్లాడతారా అనీ ఒక కుర్రాడు రాశాడు. పదకొండు రోజుల కిందటిది. ఆ సాయంత్రమే ఫోన్ చేశాం. ఇంకా రాకపోతే ఇక రారేమో అనుకున్నాం సార్ అన్నాడు. ఆదివారం నలుగురం వెళ్తున్నాం.